తుంగభద్ర కాలువగట్టున బృందగానము

కన్నడదేశపు సిరవార సీమకుఁ బాట క్రొత్తది కాదు. తుంగభద్రాతీరమందలి చీకలపర్వికిఁ జెందిన విజయదాసులును, మోసరకల్లు గోపాలదాసులును, మాన్విలో నివసించి హరికథామృతసారమును రచించిన జగన్నాథదాసులును ఈ నేలను హరికీర్తనలతో నింపినవారు. తరువాత 1953లో తుంగభద్ర జలాశయము సిద్ధమై, ఎడమగట్టు కాలువ నీరు ఈ నల్లరేగడిని తడుపసాగిన పిమ్మట, కోస్తా మండలములనుండి వలసవచ్చి క్యాంపులు కట్టుకొనిన మన పెద్దలు తమ రామభజనలనుగూడ వెంటఁ దెచ్చుకొనిరి.

అయితే భజనలో నొకరు పల్లవి నెత్తుకొనఁగాఁ దక్కినవారు దాని ననుసరింతురు. ఎందఱు పాడినను వరుస యొక్కటియే. వందలమంది కూడు తిరువైయారు పంచరత్నగోష్ఠియు నట్టిదే. అందు శ్రుతి కలియని గొంతును సమూహము దయతోఁ గప్పివేయును. పాశ్చాత్యుల ఛేంబర్ కాయిర్ అంత దయ గలది కాదు. ఇరువది ముప్పదిమంది గాయకులు సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అను విభాగములుగా నేర్పడి, తఱచు వాద్యసహాయము లేకయే, ఏకకాలమున వేర్వేఱు స్వరమార్గములఁ జరింతురు గావున, ఒక్కరు తడఁబడినను సభ కంతకును వినవచ్చును.

ఈ విధానమును మన దేశభాషల పాటలకు సమన్వయించిన వారిలో అగ్రగణ్యులు ఎం. బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరున జననము, విద్యార్థిదశలో వామపక్షోద్యమము, మలయాళ చలనచిత్రములకు సంగీతము, మద్రాసు సినీవాద్యకారుల సంఘనిర్మాణము, ఇవన్నియు నొక యెత్తు; 1970వ దశకమున యువతీయువకులను గూర్చి పలుభాషల పాటలు పాడించిన మద్రాస్ యూత్ కాయిర్ ఒక్కటియు నొక యెత్తు. రాగమునకు హార్మొనీని జతపఱచుట కత్తిమీఁది సాము: గమకముతోఁ గదలు స్వరముపై నిశ్చలమైన వేఱొక స్వరమును నిలిపినచో రాగచ్ఛాయ చెదరిపోవును. జానపదపు వరుసలు, మోహనవంటి సరళరాగములు ఇందుల కనువైనవి. తోడి, వరాళుల జోలికిఁ బోకుండుటయే మేలని నా యభిప్రాయము. శ్రీనివాసన్ 1988లో లక్షద్వీపములందు దివంగతులైనను ఆయన బృందము పాడుట మానలేదు.

ఇట్టి బృందగానమును మన క్యాంపులలోను నెలకొల్పుటకై మన సంఘమువారు ఉత్సవములనాఁటి పందిళ్లకును మైకుసెట్లకును వెచ్చించు ధనములోఁ గొంత మిగిల్చి, తెలిసిన శిక్షకుని నొకరిని రప్పింపవలెను. క్యాంపులనుండి పదునైదుగురు పిల్లలు, ఒక హార్మోనియము, ఆదివారపు సాయంకాలములు, ఆరంభమునకు ఇవి చాలును. మొదట నేర్పు పాటలలో రెండు తెలుగువి, రెండు కన్నడ దాసరపదములు కావలెనని నా మనవి.