బ్రౌజరునందలి గండ్లు, వాటిని పూడ్చు విధము

గట్టు తెగినపిమ్మట గండి పూడ్చుటకంటె, ఎలుక కలుగు కంటబడిన దినముననే మట్టివేసి త్రొక్కుట మేలని వంశధార యెడమకాలువ క్రింద సేద్యముచేయు టెక్కలి, నందిగాం ప్రాంతపు రైతులకు మేము చెప్పనక్కఱలేదు. కొబ్బరి, జీడిమామిడి తోటలే జీవనాధారముగాగల ఉద్దానపు సోదరులకును కంచెలో సందు విడిచినచో కలుగు నష్టము తెలిసినదే. అట్టి సందులే మన చేతిలోని ఫోనులందును, సంఘ కార్యాలయములలోని కంప్యూటరులందును ఏర్పడుచున్నవి. అవి యెట్టివో, వాటిని పూడ్చుట యెట్లో సభ్యులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇంటర్నెట్టులోని పుటలను తెచ్చి మన కంటికి చూపు సాధనమును బ్రౌజరు అందురు. క్రోము, ఫైర్‌ఫాక్సు, ఎడ్జి, సఫారి మొదలగునవి యీ జాతివే. మీభూమిలో అడంగలు, 1-బి చూచుకొనుటకును, పి.ఎం. కిసాన్ వాయిదా జమపడినదో లేదో తెలిసికొనుటకును, పలాసలో జీడిపప్పు ధర విచారించుటకును, తుపాను వార్త చదువుటకును, దూరదేశమున పనిచేయు కుమారుడు పంపిన పైకము బ్యాంకులో చూచుకొనుటకును ఇదియే ద్వారము. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు 63,000 వఱకు కంప్యూటరులపైకి మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. పూర్వము ఇనుపపెట్టెలో నుండిన అప్పుల పద్దులు ఇట్లు క్రమముగా యంత్రములలోనికి చేరుచున్నవి.

బ్రౌజరు చూపు పుటలన్నియు పరులు వ్రాసినవే. కావున దానిని నిర్మించినవారు వచ్చిన పుటను, క్రొత్తగా వచ్చిన వర్తకుని అరుగుమీద కూర్చుండబెట్టినట్లు, నడవ దాటనీయకుండ నుంచెదరు. నిర్మాణములో నెచ్చటనైన పొరపాటు జరిగినచో, ఆ సందున దుర్మార్గుడు లోనికి జొరబడును. ఒక్క యుదాహరణము చెప్పెదము.

2023 సెప్టెంబరు 6వ తేదీన ఆపిల్ కంపెనీ రక్షణ విభాగమువారును, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన సిటిజన్ ల్యాబువారును ఒక లోపమును గూగుల్ వారికి తెలియజేసిరి. వెబ్‌పి యను తరహా చిత్రములను విప్పి చూపు భాగములో ఆ లోపముండెను. దుర్మార్గులు దానిని అప్పటికే వినియోగించుచున్నారని గూగుల్ వారే ప్రకటించిరి. లోపముల పట్టికలో దీనికి సి.వి.ఇ. 2023-4863 అను సంఖ్య నిచ్చిరి. ఒకే బట్టీ ఇటుకలతో కట్టిన ఇండ్లవలె, ఆ భాగమునే క్రోము, ఫైర్‌ఫాక్సు, ఎడ్జి బ్రౌజర్లును, మఱి యనేక యాప్‌లును వాడుకొనుచుండుటచే లోపము అన్నిటికిని అంటినది.

అది పనిచేయు తీరు రైతులకు సులభముగనే బోధపడును. చిత్రమును విప్పుటకై బ్రౌజరు తన జ్ఞాపకస్థానములో కొంతమేర మడి కట్టుకొనును. ఎంత మడి చాలునో నిర్మాతలు ముందుగనే లెక్కవేసి యుంచిరి. కాని కావలెనని తప్పుడు లెక్కలతో కూర్చిన చిత్రము వచ్చినప్పుడు ఆ మడి చాలదు. ఎక్కువైన వ్రాత గట్టు పొర్లి ప్రక్కమడిలో పడును. ఆ ప్రక్కమడిలో బ్రౌజరు తరువాత చేయవలసిన పనుల గుఱుతులు ఉండవచ్చును. వాటిపై దుర్మార్గుని వ్రాత పడినచో బ్రౌజరు యజమాని మాట మాని వాని మాట వినును. నడవ దాటుటకు మఱియొక సందుకూడ వానికి దొరకినచో ఇల్లంతయు వాని వశమగును.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినది యొకటి కలదు. ఓ.టి.పి. చెప్పవద్దు, తెలియని లింకును నొక్కవద్దు అని మనము తఱచు వినుచుందుము. ఆ హితవు మంచిదే. కాని యిట్టి లోపమున్నచోట ఎవరికిని ఏమియు చెప్పకపోయినను, ఆ చిత్రమున్న పుట తెఱచినంతనే హాని కలుగవచ్చును. కావున మనుష్యుని జాగ్రత్త యొక్కటియే చాలదు. యంత్రమును గూడ బాగుచేయవలెను.

పై లోపమునకు గూగుల్ వారు సెప్టెంబరు 11వ తేదీననే సవరణ నిచ్చిరి. ఫైర్‌ఫాక్సువారు 12వ తేదీన నిచ్చిరి. వెల యేమియు లేదు. ఈ సవరణనే అప్‌డేటు అందురు. అయితే దూరదేశమున తయారైన సవరణ మందసలోని మన యంత్రమునకు చేరి, బ్రౌజరు ఒక్కసారి మూతపడి తిరిగి తెఱవబడినగాని గండి పూడదు. పైగా సవరణ వెలువడినపిమ్మట దుర్మార్గులు పాతదానిని, క్రొత్తదానిని సరిపోల్చి గండి యెచ్చట నుండెనో కనిపెట్టుదురు. అందుచే నలుగురును పూడ్చుకొన్నతరువాత ఆలస్యము చేయువానికి అపాయము పెరుగునేకాని తగ్గదు.

ఈ తప్పు మేమును చేసితిమి. మా కార్యాలయపు కంప్యూటరులో అప్‌డేటు గుఱుతు కనబడుచున్నను, తెఱచియున్న పద్దుల పుటలు పోవునను భయముచే రేపు, మాపు అని కొన్ని వారములు గడిపితిమి. తుదకు చేసినప్పుడు పట్టినది నాలుగైదు నిమిషములు. దైవవశమున నష్టము కలుగలేదు. కాని సభ్యుల సొమ్ము దైవవశమున నుంచుట కార్యదర్శుల ధర్మము కాదు.

సహకార సంస్థలకు ఈ విషయము మఱింత ముఖ్యము. 2022 జనవరిలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకునుండి దుండగులు సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలను కంప్యూటరుల ద్వారా తరలించుకొనిపోయిరి. ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిళ్లను కొందఱు తెఱచుటచే దుండగుల సాధనము లోనికి చేరినదని పోలీసులు తమ దర్యాప్తులో తేల్చిరి. అచ్చట త్రోవ బ్రౌజరు లోపము కాదు, మోసపు మెయిలు. అయినను మన కది చెప్పు నీతి యొక్కటే. ఒకరి బల్లమీది యంత్రములో పడిన గండి సభ్యులందఱి పొలములను ముంచును.

ఇంకొక సంగతి. సవరణలు పాతబడిన యంత్రములకు రావు. విండోసు 7 నకు 2020 జనవరి 14వ తేదీతో రక్షణ సవరణలు నిలిచినవి. 2023 ఆరంభమునుండి క్రొత్త క్రోముకూడ దానిపై పనిచేయదు. విండోసు 10 నకు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. అట్టి యంత్రము చూచుటకు బాగుగనే నడుచును. కాని అది కాపలా మానిన తోటవంటిది. దానిమీద బ్యాంకు పని, సంఘపు పద్దులు చూడరాదు.

సభ్యులును, కార్యదర్శులును ఆచరింపవలసినవి యివి:

1. కంప్యూటరులో క్రోము పైమూలనున్న మూడు చుక్కలను నొక్కి, సహాయము అను చోట క్రోమును గుఱించిన పుటను తెఱవవలెను. అప్‌డేటు ఉన్నచో అదియే దిగును. పిమ్మట బ్రౌజరును మూసి తిరిగి తెఱువవలెను.

2. ఫోనులో బ్రౌజరును, తక్కిన యాప్‌లను ప్లేస్టోరు నుండియే అప్‌డేటు చేయవలెను. వాట్సాపులో వచ్చు ఏ.పి.కె. ఫైలును, అది ప్రభుత్వ పథకముపేర వచ్చినను, ఎక్కించుకొనరాదు. ఫోనుయొక్క సవరణలనుగూడ వచ్చిన వెంటనే అంగీకరింపవలెను.

3. బ్రౌజరునకు తగిలించు చిన్న ఉపకరణములలో, అనగా ఎక్స్‌టెన్షనులలో, అక్కఱలేనివాటిని తీసివేయవలెను. తగిలించిన ప్రతిదియు ఒక క్రొత్త ద్వారమే.

4. అంగడిలోని యంత్రముపై అడంగలు తీయించుకొనవచ్చును గాని, బ్యాంకు పాస్‌వర్డు కొట్టరాదు.

5. సొమ్ము పోయినట్లు తెలిసినచో సిగ్గుపడి దాచక, తక్షణము 1930 నంబరునకు ఫోనుచేసి, తమ బ్యాంకునకును తెలుపవలెను. సొమ్ము చేతులు మాఱకమునుపే నిలుపుటకు ప్రతి నిమిషమును విలువైనది.

భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2004 నుండి ఇట్టి లోపములపై హెచ్చరికలను ప్రకటించుచున్నది. సంఘములో చదువుకొన్న యువకునకో, యువతికో వాటిని చూచు పని యప్పగించి, నెల కొకదినము నిర్ణయించి కార్యాలయ యంత్రములన్నిటిని పరీక్షింపజేయుట మంచిది. ఆనాడే సభ్యులు తమ ఫోనులను తెచ్చి చూపించుకొనవచ్చును. ఇంటిలో పెద్దల ఫోనులను బాగుచేయుటకు బడిపిల్లలే చాలుదురు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు, తాతలనాటి కొబ్బరిచెట్లు కూలిపోవుట మనము చూచితిమి. ఆ గాలిని ఆపుట యెవరి తరమును కాదు. ఈ గండి యట్టిది కాదు. ఎచ్చట పడినదో తెలుపువారున్నారు. పూడ్చు మట్టి ఉచితముగా మన వాకిటికే వచ్చుచున్నది. వేసి త్రొక్కుట మాత్రమే మన పని. కావున రాబోవు పాలకవర్గ సమావేశములో నెలకొకసారి పరీక్షింపవలెనని ఒక తీర్మానమును చేసి మినిట్సు పుస్తకములో వ్రాసికొనవలసినదిగా సంఘములవారిని కోరుచున్నాము. ఈ సంచికను మూసినవెంటనే సభ్యులు తమ తమ ఫోనులను ఒక్కసారి తెఱచి చూచుకొందురుగాక!