మత్తు లేని మీగడ

కువైట్ నగరానికి దక్షిణంగా, అహ్మదీ గవర్నరేట్ సముద్రపు ఒడ్డున ఉంది ఫింటాస్. అక్కడి జ్యూస్ షాపులో కాక్‌టెయిల్ అడిగితే పండ్ల గుజ్జు, పాలు, మీగడ, తేనె కలిపిన చిక్కటి గ్లాసు వస్తుంది. 1964లోనే మద్యం దిగుమతిని నిషేధించిన దేశంలో అందులో ఆల్కహాల్ ఉండే ప్రసక్తి లేదు. ఐరిష్ క్రీమ్ అనే మీగడ మద్యం పోసి చేసే డెజర్ట్ కాక్‌టెయిల్ ముందు ఇది ఉత్త మిల్క్‌షేకేనని కొందరికి చిన్నచూపు. రసాయన శాస్త్రం మాత్రం వేరే మాట చెబుతుంది. అసలు డెజర్ట్ కాక్‌టెయిల్‌లోని నునుపు కూడా మద్యం చలవ కాదు. మద్యం ఉన్నా చెడకుండా కాపాడుకున్నది.

పాలలో కొవ్వు 3 నుంచి 4 శాతం, చిక్కటి క్రీమ్‌లో 35 శాతం దాకా ఉంటుంది. ఆ కొవ్వు సన్నటి బిందువులుగా నీళ్లలో పరుచుకుంటుంది. ఒక్కో బిందువు నాలుకకు విడిగా తెలియదు కాబట్టే నోటికి నున్నగా తోస్తుంది. పాలలోని కేసీన్ ప్రోటీన్ ముద్దలపై సన్నటి నూగు ఉంటుంది. అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఆపేది అదే. ఆల్కహాల్ తగిలితే ఆ నూగు ముడుచుకుపోతుంది. పాల సేకరణ కేంద్రాల్లో సుమారు 68 శాతం ఆల్కహాల్‌ను పాలతో సమంగా కలిపి చూసేది ఇందుకే: పులుపెక్కడం మొదలైన పాలు వెంటనే విరుగుతాయి, తాజా పాలు నిలుస్తాయి. 1974లో ఐర్లండ్ నుంచి వచ్చిన బెయిలీస్ అనే ఐరిష్ క్రీమ్‌లో ఆల్కహాల్ 17 శాతం. ఇలాంటి లిక్కర్లలో క్రీమ్ నిలవాలంటే కొవ్వు బిందువులను మైక్రాన్‌కన్నా చిన్నవిగా చిదమాలి, సోడియం కేసినేట్ లాంటి పాల ప్రోటీన్ జోడించాలి. ఇంత చేసినా నిమ్మరసం పడితే అదీ గడ్డకడుతుంది.

అంటే మద్యం ఉన్నా లేకున్నా మీగడకు అసలు శత్రువు పులుపు. పాల పీహెచ్ సుమారు 6.7; అది 4.6 దగ్గరికి దిగితే కేసీన్ పూర్తిగా విరిగిపోతుంది, వేడి తోడైతే ఇంకా ముందే. గల్ఫ్ జ్యూస్ షాపుల్లో అవకాడో అంతగా నిలదొక్కుకోవడానికి కారణం ఇక్కడే ఉంది: దానికి పులుపు దాదాపు లేదు, పైగా సుమారు 15 శాతం కొవ్వు తనదే. పచ్చి అనాస, కివీ అలా కావు. వాటిలోని ఎంజైములు పాల ప్రోటీన్లను కొరికి కాసేపటికి చేదు తెస్తాయి. డబ్బాలో వచ్చే అనాసను వేడిచేసి ఉంటారు గనుక ఆ బెడద లేదు. 2016 జులైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైన కువైట్‌లో ఐసు ముక్కలు క్షణాల్లో కరిగి గ్లాసును పలచన చేస్తాయి. ఐసుకు బదులు పండు ముక్కలనే గడ్డకట్టించి వేస్తే చల్లదనమూ చిక్కదనమూ రెండూ దక్కుతాయి.

మద్యం పరిమళాన్ని మోస్తుంది, గడ్డకట్టనివ్వదు, నిల్వ ఉంచుతుంది కదా అనవచ్చు. మొదటి రెండింటికీ మద్యమే అక్కర్లేదు. చాలా సువాసన పదార్థాలు కొవ్వులోనూ కరుగుతాయి. కాకపోతే కొవ్వు వాటిని మెల్లగా వదులుతుంది కాబట్టి యాలకులో కాఫీయో ఒకింత ఎక్కువ వేయాలి. గడ్డకట్టే ఉష్ణోగ్రతను చక్కెర కూడా దించుతుంది. మూడోది మాత్రం ఒప్పుకోవాల్సిందే: క్రీమ్ లిక్కర్ సీసాలో నెలల తరబడి ఉంటుంది, పండు కలిపిన పాలను చేసిన పూటే తాగాలి. కాబట్టి మద్యం మీగడకు ఇచ్చేది ఆయుష్షే, నునుపు కాదు. కొట్టు ముందే తాగేసే గ్లాసుకు ఆ ఆయుష్షుతో పనేముంది?