ఘాటు దారిలో పాత కారు

నిర్మల్ దాటి ఆదిలాబాదు వైపు సాగు పాత బాటలోని మహబూబ్ ఘాటు మలుపులలో తొలితరపు అంబాసిడర్ కారును నడపగోరువారు ముందుగా తెలిసికొనవలసినది అది ఆగు విధము. ఆ కారుకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యగుటచే, పల్లము పొడవునను బ్రేకుపై కాలు పెట్టియే దిగినచో, షూలును డ్రమ్ములును కాగి, పట్టు సడలి, పెడలు ఎంత తొక్కినను బండి నిలువని యవస్థ సంభవించును. అందుచేతనే అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగవలెనందురు. దిగుడు మొదలగుటకు మునుపే స్టీరింగు ప్రక్కనున్న గేరుకర్రను రెండవ గేరునకు మార్చినచో ఇంజనే బండిని పట్టి యుంచును. న్యూట్రలులో జార్చి పెట్రోలు మిగుల్చుకొనజూచుట ప్రాణాంతకము.

విశాలమైన రాజీవ్ రహదారిపై కరీంనగరమునకు పోవునప్పుడు ప్రలోభము వేరు. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టిన పిమ్మట బండి పోవు దూరము సుమారు నాలుగింతలగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున సెకనుకు 22 మీటర్లు గడచిపోవును. కావున ఎడమ ప్రక్కనే, 40, 50 నడుమ, ముందు బండికి మిక్కిలి యెడముగా సాగుట వివేకము. వేసవిలో రేడియేటరు మరగినచో నీడన బండిని ఆపి, చల్లారువరకు మూత తీయరాదు.

2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము, ఏబది యేండ్లు దాటి వింటేజి రిజిస్ట్రేషను పొందిన బండ్లను నిత్యము తిప్పరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, ఇంధనము, మరమ్మతుల నిమిత్తమే రోడ్డెక్కింపవచ్చును. బయలుదేరు ముందు బ్రేకు ఆయిలును, టైర్లను పరీక్షించుకొనుట యజమాని ధర్మము.