ఢోలక్‌పురపు భీముడు, కోయల భీముడు

భీముని తెలుగు పిల్లలకు క్రొత్తగా పరిచయము చేయనక్కర లేదు. అయితే తాతల నోట మనము విన్న భీముడు వేరు. నేటి బాలుడు పుస్తకముల సంచిలో పాఠ్యగ్రంథముల నడుమ దాచుకొను భీముడు వేరు. ఈ రెండవ భీమునికి గద లేదు, మీసము లేదు. కాషాయపు రంగు ధోవతి కట్టి, చేత లడ్డు పట్టుకొని, తొమ్మిదేండ్ల ప్రాయములోనే ఢోలక్‌పూర్ అను కల్పిత రాజ్యమును ఆపదల నుండి కాపాడుచుండును. అతని పేరు ఛోటా భీమ్.

పేరు హిందీదైనను ఇతని పుట్టినిల్లు మన హైదరాబాదే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్‌గోల్డ్ యానిమేషన్ సంస్థ ఇతనిని సృష్టించినది. 2008లో పోగో అను పిల్లల టెలివిజన్ ఛానెలులో ఈ కథలు మొదలైనవి. కొద్దికాలములోనే చుట్కీ, రాజు, మాటలాడు కోతి జగ్గు, బడాయికోరు కాలియా, అతని వెంట తిరుగు కవలలు ఢోలు, భోలు దేశములోని పిల్లలకు ఇరుగుపొరుగువారైరి. తరువాత ఆ సంస్థయే ఈ కథలను బొమ్మల పుస్తకములుగా వెలువరించినది. కదలు బొమ్మ ముందు, అచ్చు బొమ్మ వెనుక అన్నమాట. ఇది లోకములో క్రొత్త సంగతి కాదు. అమెరికాలో మిక్కీ మౌస్ 1928లో తెరమీద ప్రత్యక్షమై, 1930 జనవరిలో గాని పత్రికల బొమ్మల కథలలోనికి దిగలేదు. మన దేశమున మాత్రము చాలకాలము అచ్చుబొమ్మదే పెద్దరికము. 1947 జూలైలో మద్రాసున ‘చందమామ’ పుట్టినప్పుడు, 1967లో ‘అమర చిత్రకథ’ మొదలైనప్పుడు బొమ్మలు కథను వెన్నంటి నడచినవే కాని తెరను అనుకరింపలేదు. బుజ్జాయిగా ప్రసిద్ధులైన దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి గారి ‘డుంబు’ కాగితము మీదనే పుట్టి, కాగితము మీదనే పెరిగినాడు.

తెరమీది బొమ్మను మరల కాగితము మీద చూచుటలో విశేషమేమని ఉపాధ్యాయులలో కొందరు పెదవి విరుతురు. ఆ మాట తొందరపాటుది. తెర తన వేగమున తాను పోవును. బాలుడు దాని వెంట పరుగెత్తవలసినదే. పుస్తకములో వేగము బాలుని చేతిలో నుండును. ఒక గడిలో భీముడు పిడికిలి ఎత్తును; ప్రక్క గడిలో కాలియా నేలపై నుండును. ఆ రెంటి నడుమ జరిగినదానిని చిత్రకారుడు గీయలేదు. చదువరియే మనసులో గీసికొనవలెను. చదువు అను పనికి ఇదే మూలము. అక్షరములు కూడబలుకుకొను పిల్లవానికి బొమ్మ ఊతకర్ర వంటిది. అర్థముకాని మాట వచ్చినప్పుడు బొమ్మను చూచి దానిని ఊహించును. వెనుకకు తిరిగి మరల చదువును. తెరమీద అట్టి సావకాశమెక్కడిది? కనుక ఈ పుస్తకములను బడిలోనికి రానీయరాదను కట్టడి నిష్కారణమైనది.

ఈ బొమ్మల భీమునికి వ్యాసభారతముతో చుట్టరికము పేరువరకే అనుట కూడ సరికాదు. చెట్టెక్కిన కౌరవబాలురను, చెట్టును కదిపి పండ్లతోపాటు రాల్చిన చిన్ని భీముడు ఆదిపర్వములో ఉన్నాడు. కాలియాతో ఢోలక్‌పూర్ వీధులలో సాగు తగవులు ఆ ఆటకు మనుమలు. లడ్డు తినగానే బలము పుట్టుట మాటయో? దుర్యోధనుడు విషము పెట్టి గంగలో త్రోయించినప్పుడు నాగలోకములో రసము త్రాగి బలము గడించినవాడును, బకునికై కొనిపోయిన బండెడు అన్నమును తానే ఆరగించినవాడును ఈ భీముడే కదా! నిర్మాతలు భీముని బలమును, ఆకలిని, స్నేహమును తీసికొన్నారు. అడవిని మాత్రము కథకు నేపథ్యముగా నిలిపి, అడవిలో అతడు పొందిన బంధుత్వమును విడిచినారు. తొమ్మిదేండ్ల బాలుని కథలో హిడింబకు చోటెక్కడిదని అడుగవచ్చును; ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ లోటు ఒక ప్రాంతపు పిల్లలకు తక్కినవారికన్న ఎక్కువగా తగులును.

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సాగు బాట అడవి అంచులను ఒరసికొనుచు పోయి, గోదావరి దాటి భద్రాచలము చేరును. అచ్చటి నుండి దుమ్ముగూడెము, పర్ణశాలల వైపు సాగినచో కోయల పల్లెలు కనబడును. రాముని పేర ప్రసిద్ధమైన ఈ సీమలో భీముని కథ కూడ ఒకటి కలదని యాత్రికులలో అనేకులెరుగరు. దుమ్ముగూడెములో పనిచేసిన జాన్ కెయిన్ అను క్రైస్తవ మతబోధకుడు భద్రాచలము, రేకపల్లి తాలూకాల ప్రజలను గూర్చి 1870ల దశకములోనే ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్రాసెను. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులముల, తెగల సంపుటములలో కోయల వంశకథ ఒకటి చేరినది. దాని సారాంశమిది: ధర్మరాజుతో కూడ వనవాసమునకు వచ్చిన భీముడు ఒకనాడు వేటకై పోయి అడవిలో ఒక వనస్త్రీని చూచి వలచి పెండ్లాడెను, వారి సంతానమే కోయలు.

భారతములో హిడింబ వృత్తాంతము లక్క ఇంటి నుండి బయటపడిన తరువాత జరిగినది. ఘటోత్కచుడు పుట్టగానే పాండవులు ముందుకు సాగిపోదురు. హిడింబ వెనుక నిలిచిపోవును. కథకుని చూపు భీముని వెంట పోవును గాని ఆమె వద్ద ఆగదు. కోయల కథలో చూపు ఆమె వద్దనే నిలిచినది. వ్యాసునికి ఉపకథయైనది వీరికి వంశకథ. భీముడు వచ్చి పోయిన అతిథి కాడు, ఇంటి పెద్ద. ఒకే వీరుని గూర్చి నగరము చెప్పిన కథకును, అడవి చెప్పిన కథకును ఇంతటి భేదము కలదు.

బొమ్మలతో కథ చెప్పుట ఈ అడవికి టెలివిజన్ నేర్పిన విద్య కాదు. కోయల చరిత్రను గానము చేయు డోలి కళాకారుల వద్ద పడిగెలు ఉండును. త్రికోణాకారముగా పొడవుగా సాగిన వస్త్రముమీద వంశపురుషుల, దేవతల, జంతువుల రూపములు తీర్చియుండును. కొలువుల వేళ, పండుగల వేళ డోలి గాయకుడు ఆ వంశపు కథను పాడును. అచ్చుపుస్తకములో మాట బొమ్మ ప్రక్కనే బుడగలో ముద్రితమై యుండును. పడిగెలో మాట గాయకుని కంఠములో ఉండును. అదే దాని సొగసు, అదే దాని అపాయము. కంఠము మూగవోయినచో బొమ్మ మిగులును గాని కథ మిగులదు.

ఆ అపాయము ఊహామాత్రము కాదు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళము, కంచుతాళములతో సమ్మక్క సారలమ్మల, పగిడిద్దరాజు మొదలగువారి గాథలను పాడిన డోలి గాయకుడు. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది. 2024లో ఆయన కన్నుమూసెను. ఇక 2014లో పోలవరము నిర్మాణము నిమిత్తము భద్రాచలము చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశములో కలిసినవి. ఒకే వంశకథ వినవలసిన పల్లెలు రెండు రాష్ట్రముల పాలైనవి. ముంపు గ్రామములవారు ఊళ్లు విడిచి పోవలసిన వారైరి. పాట పాడుటకు ఊరుమ్మడి కొలువు కావలెను. ఊరే కదలినప్పుడు కొలువు ఎక్కడ కూర్చుండును?

ఇట్టి వేళ అడవి బడిలోని కోయ బాలునికి మొదట ఎదురగు భీముడు ఢోలక్‌పురపు భీముడు. ఇందుకు ఆ పుస్తకములను నిందించుట తగదు. అవి తమ పనిని చక్కగా చేసినవి. కోయల భీమునికి మాత్రము అట్టి రంగుల పుస్తకము ప్రతి బడిలోను కనబడవలసి యుండగా, ఆ కథ నూరేండ్లకు పైగా థర్‌స్టన్ సంపుటములలో పండితుల అలమారలకు పరిమితమై యుండుట చింతింపదగినది.

2019లో ఇదే హైదరాబాదు సంస్థ నెట్‌ఫ్లిక్స్ కొరకు ‘మైటీ లిటిల్ భీమ్’ అను మరొక వరుసను తీసినది. అందులో భీముడు ఇంకను మాటలు రాని పసివాడు. కథయంతయు చేష్టలతోనే నడచును. ఇంటిలో కోయ భాష, బడిలో తెలుగు వినుచు నలుగు బాలునికి ఇట్టి బొమ్మ ఏ భాషలోనైనను తనదగును. ఒక పూట తరగతిలో పిల్లలచేత కాగితముపై నాలుగు గడులు గీయించి, బుడగలను ఖాళీగా ఉంచి, ‘మీ ఇంట భీముని గూర్చి ఏమి చెప్పుదురో అడిగి వచ్చి నింపుడు’ అని ఉపాధ్యాయుడు చెప్పినచో, మరునాడు ఆ బుడగలలో తెలుగు లిపిలో కోయ మాటలు ఉండవచ్చును. వాటిని ఆ బాలుడే చదివి వినిపించును. అర్థము అడిగి తెలిసికొనుట ఆ పూట ఉపాధ్యాయుని వంతు.