మంచు పడని వీధిలో మంచుపాటలు

డిసెంబరులో తెల్లవారకముందే హైదరాబాద్ బార్కస్‌లో హరీస్ దేగ్‌ల మూతలు లేస్తాయి. గోధుమలూ మాంసమూ గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వంటకం అది. కొందరు ఖారా అడుగుతారు, కొందరు నెయ్యీ చక్కెరా వేసిన మీఠా అడుగుతారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బుల పేట ఇది. వాళ్లున్న బ్యారక్సే జనం నోట నలిగి ‘బార్కస్’ అయింది.

ఇక్కడ పెరిగే పిల్లల చెవిన అరబ్బీ, దక్కనీ ఉర్దూ, తెలుగు మూడూ పడతాయి. ఆకాశం నుంచి దూదిలా రాలే మంచు మాత్రం ఒక్కనాడూ కంటపడదు. అలాంటి పిల్లలతో మంచుపాటలు పాడించడంలో అర్థముందా? తప్పకుండా ఉంది. లోకంలోని పేరున్న మంచుపాటల పుట్టుక చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

అన్నిటికన్నా బరువు మోసే మాట

గడ్డి మీది బిందువు మంచు. దారి కనిపించకుండా కమ్మేది మంచు. హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. అరబ్బీలో కొండ మీది మంచుకు ‘థల్జ్’ అనే మాట వేరే ఉంది. ఉర్దూలో బరఫ్ వేరు, ఓస్ వేరు, కోహ్రా వేరు. తెలుగు ఒక్క మాటతోనే అన్నీ చెప్పేస్తుంది. కాబట్టి మనకు మంచుపాటల కరువు లేదు. జామాకు చివర వేలాడే చుక్క మీద పాడినా అది మంచుపాటే.

నగరంలో అతి చల్లని రోజు

హైదరాబాద్‌లో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట. అంత చలిలోనూ పాదరసం సున్నాను తాకలేదు. ఆకాశంలో పుట్టిన మంచు పలుకులు ఇంత వెచ్చని నేలను చేరేలోపే కరిగి నీరైపోతాయి.

చలికి పేరుపడ్డ తెలుగు ఊరు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిని ‘ఆంధ్రా కశ్మీర్’ అంటారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. దీనికే ‘కొర్రబయలు’ అని మరో పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. చలిని ఇంత చక్కగా బొమ్మకట్టిన ఊరిపేరు పిల్లలకు చెప్పి, కొర్రులా బిగుసుకుని నిలబడమంటే చాలు, ఆట మొదలైపోతుంది.

ఎక్కువగా అమ్ముడైన మంచు కల

ఇర్వింగ్ బెర్లిన్ రాసి, బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన సింగిల్ రికార్డుగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 5 కోట్లకు పైగా అమ్ముడైందని అంచనా. తెల్లని మంచు కోసం బెంగపడే ఈ పాటను 1942లో, మే నెలాఖరున, లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేశారు. తాటిజాతి చెట్లూ ఎండా ఉన్న ఊరది. మంచు దూరంగా ఉన్నందుకే పాటకు అంత తడి వచ్చింది.

మండుటెండలో పుట్టిన పాట

‘లెట్ ఇట్ స్నో’ కథ ఇంకా విచిత్రం. 1945 జూలైలో హాలీవుడ్ వడగాడ్పులకు వేగిపోతుంటే శామీ కాన్, జూల్ స్టైన్ కలిసి ఆ పాట కట్టారు. ఒళ్లు చల్లబడే ఊహ కావాలనిపించి మంచును పిలిచారు. మే నెలలో బార్కస్ మిద్దె మీద కూర్చున్న పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. పాట ఎందుకు పుడుతుందో ఒక్క క్షణంలో పట్టేస్తారు.

అంతరిక్షంలో మోగిన మొదటి వాద్యాలు

మంచుబండి షికారు పాట ‘జింగిల్ బెల్స్’ను జేమ్స్ పియర్‌పాంట్ 1857లో అచ్చు వేయించాడు. 1965 డిసెంబరు 16న జెమిని 6 నౌకలోని వ్యోమగాములు వాలీ షిరా, టామ్ స్టాఫర్డ్ చిన్న మౌత్ ఆర్గానూ చిరుగంటలూ వెంట తీసుకెళ్లి అక్కడి నుంచి దీన్ని వినిపించారు. అంతరిక్షంలో మోగిన మొదటి వాద్యాలుగా అవి చరిత్రకెక్కాయి. మంచుబండి లేనిచోట, నేలే లేనిచోట కూడా ఆ పాట పలికింది.

కూతురి కోసం కట్టిన బాణీ

రష్యాలో కొత్త సంవత్సరం వచ్చిందంటే ప్రతి పిల్లా పాడే పాట ఒకటుంది. అడవిలో పుట్టి, మంచులో పెరిగి, చివరికి పిల్లల ఇంటికి వచ్చిన ఫర్ చెట్టు కథ అది. రైసా కుదాషెవా 1903లో ఓ పిల్లల పత్రికకు దాన్ని పద్యంగా రాసింది. 1905లో లియొనిద్ బెక్మన్ తన చిన్నారి కూతురు వేరాను ఆడిస్తూ ఆ మాటలకు బాణీ కట్టాడు. ఆయన వృత్తిరీత్యా సంగీతకారుడు కాదు, స్వరాలు రాయడం కూడా రాదు. పియానో విద్వాంసురాలైన భార్య విని రాసిపెట్టింది. పిల్లలకు పాడాలంటే సంగీతం రావాలేమోనని జంకే తల్లిదండ్రులు తలుచుకోవాల్సిన మనిషి ఈ బెక్మన్. దేశమంతా పాడుకునే పాట ఇంట్లో, ఒక పిల్ల కోసం పుట్టింది.

తెలుగు మాట్లాడిన మంచురాణి

2019 నవంబరు 22న ‘ఫ్రోజెన్ 2’ సినిమా తెలుగులోనూ విడుదలైంది. మంచురాణి ఎల్సాకు నిత్యా మేనన్, చిన్ననాటి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. మంచు ఎరగని మన పిల్లలకు ఆ మంచురాణి కథ తమ మాటలోనే అందింది.

అయిదు వందల ఏళ్లు దాటిన చలి ఆట

మన చలికాలపు పాటల్లో పెద్దపీట గొబ్బిదే. ధనుర్మాసంలో ముగ్గు మధ్య గొబ్బెమ్మలు పెట్టి, గుమ్మడిపూలు గుచ్చి, ఆడపిల్లలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడతారు. 1408–1503 మధ్య జీవించిన అన్నమయ్య ఆ వరసలో సంకీర్తన రాశాడంటే, గొబ్బి వయసు అయిదు శతాబ్దాలు దాటినట్టే. చలిలో గుండ్రంగా తిరిగి చేతులు తడితే ఒళ్లు వేడెక్కుతుంది. పాడే పిల్లల ఒంటికి ఏం కావాలో ఆ ఆట కట్టినవాళ్లకు తెలుసు. ఇదే నెలలో ఆండాళ్ తిరుప్పావైలోని 30 పాశురాలు రోజుకొకటి చొప్పున వినిపిస్తాయి. తెల్లవారుజామున చెలులను నిద్రలేపే పిల్లల పిలుపే అందులోనూ ఉంది.

అరచేతిలో పట్టగల మంచు

బార్కస్ పిల్లలు నిజంగా ముట్టుకోగల ఆకాశపు మంచు ఒకటుంది. అది చలికాలం కన్నా వేసవిలోనే ఎక్కువగా వస్తుంది. ఉరుముల మబ్బులోని గాలి నీటిచుక్కలను గడ్డకట్టేంత ఎత్తుకు ఎగదోస్తుంది. బరువెక్కాక అవి వడగళ్లై రాలతాయి. గిన్నె పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తే పిల్లలకు ఆ టపటపలే తాళం.

ఇక మీ ఇంటి పాట

తాళానికి బార్కస్‌లో కొదవే లేదు. పెళ్లి బరాత్‌లో మర్ఫా డోళ్లు మోగితే నడక నేర్చే పిల్ల కూడా కాళ్లు ఆడిస్తుంది. తేమకు సడలిన వాద్యాల తోలును మంట దగ్గర కాస్తే మళ్లీ బిగుస్తుంది. చలిలో పిల్లల గొంతుకూ కాస్త వెచ్చదనం కావాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, మోకాలి మీద దరువేస్తూ, ఒకరు అడిగితే ఒకరు జవాబు చెప్పేలా పాడండి:

మంచూ మంచూ ఎక్కడున్నావ్?
జామాకు చివర జారుతున్నా!
ఎండా ఎండా ఎక్కడున్నావ్?
గోడెక్కి నీ కోసం వస్తున్నా!

రెండో పాదానికి వేళ్లు పిల్లల చెంప మీదుగా జారాలి. నాలుగో పాదానికి అరచేయి వీపెక్కాలి. రెండుసార్లు పాడాక మూడోసారి ప్రశ్న అడిగి ఆగండి. మంచు తరఫున జవాబు పిల్లల నోట వస్తుంది.