మోడ్ డివిజన్ మల్టీప్లెక్సింగ్

మోడ్ డివిజన్ మల్టీప్లెక్సింగ్ అనగా ఒకే ఆప్టికల్ ఫైబరులో కాంతి ప్రయాణించగల వేర్వేరు రీతులపై వేర్వేరు సమాచారాన్ని ఏకకాలంలో పంపే పద్ధతి. ఈ రీతులనే మోడ్‌లు అంటారు.

మోడ్ అంటే ఏమిటి

ఫైబరు 125 మైక్రాన్ల వ్యాసం గల గాజు పోగు. కాంతి ముఖ్యంగా దాని నడిమి భాగమైన కోర్‌లో సాగుతుంది. కోర్ వ్యాసం సుమారు 9 మైక్రాన్లు ఉన్నపుడు, సమాచార ప్రసారానికి వాడే పరారుణ కాంతికి ఒకే మోడ్ ఉంటుంది. వెలుగు నడుమ చిక్కగా, అంచులకు పోనుపోను పలుచగా కనిపిస్తుంది. కోర్‌ను కొంత పెంచితే మరికొన్ని మోడ్‌లకు చోటు దొరుకుతుంది. రెండవ మోడ్‌లో వెలుగు రెండు ముద్దలుగా విడిపోయి నడుమ చీకటి గీత ఏర్పడుతుంది. పాఠ్యపుస్తకాలలో మోడ్‌లను వేర్వేరు కోణాలలో ప్రతిఫలించే కిరణాలుగా గీస్తారు. మొదటి పాఠానికి అది చాలును గాని, నిజానికి మోడ్ అనేది తరంగపు అడ్డుకోతలో కనిపించే ఆకృతి.

అవసరం

ఒక్కొక్క రంగుపై ఒక్కొక్క సంకేతాన్ని పంపే పద్ధతి 1990ల నుండి విస్తృతంగా వాడుకలో ఉంది. అయితే కాంతి తీవ్రతను మితిమీరి పెంచితే గాజే సంకేతాన్ని చెడగొడుతుంది. అందువలన సాధారణ ఏకమోడ్ ఫైబరు సామర్థ్యానికి సెకనుకు సుమారు 100 టెరాబిట్ల వద్ద హద్దు ఉన్నట్లు భావిస్తారు. మోడ్‌లను కూడా వాడుకుంటే ప్రతి మోడ్‌పై ఆ రంగులన్నిటినీ మరల పంపవచ్చును.

చిక్కులు

ఒకే శిలలో మూడు మూర్తులు గల ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని ఎరిగినవారికి ఈ ఊహ సులువుగా అందుతుంది. కాని ఆ మూర్తులు కదలవు; మోడ్‌లు మాత్రం ఫైబరు వంగినచోట, అతికినచోట ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటి వేగాలు కూడా వేరు. కలిసిపోయిన సంకేతాలను అవతలి కొసన గణితం ద్వారా విడదీస్తారు. మోడ్‌ల సంఖ్య పెరిగినకొద్దీ ఈ లెక్క బరువెక్కుతుంది.

ప్రయోగాలు

1982లో బెర్దాగే, ఫాక్ అనే శాస్త్రవేత్తలు 10 మీటర్ల ఫైబరులో రెండు మోడ్‌లను విడివిడిగా పంపి చూపారు. 2013లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సిద్ధార్థ్ రామచంద్రన్, అతని సహ పరిశోధకులు మెలితిరిగిన కాంతి మోడ్‌లతో 1.1 కిలోమీటర్ల దూరం 1.6 టెరాబిట్ల వేగం సాధించారు. 2022లో జపాను జాతీయ సమాచార సాంకేతిక సంస్థ 55 మోడ్‌లతో, 25.9 కిలోమీటర్ల దూరంలో 1.53 పెటాబిట్ల వేగాన్ని ప్రకటించింది. పెటాబిట్ అనగా వేయి టెరాబిట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో

విద్యుత్ స్తంభాలపై కేబుళ్ళు లాగి ఇళ్ళకు ఇంటర్నెట్, టీవీ, ఫోను అందించే ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దూరప్రాంతాలకు వేసే ఫైబర్లు దాదాపు అన్నీ ఏకమోడ్ రకమే. వాటి కొసల వద్ద పరికరాలు మార్చినంత మాత్రాన ఎక్కువ మోడ్‌లు రావు. కొత్త ఫైబరే వేయాలి. పల్లెల తీగలకు ఈ పద్ధతితో ఇప్పట్లో పని పడదు. ఒంటిమిట్ట కల్యాణం రాత్రి జనసమ్మర్దంలో ఫోను పలకకపోతే, లోపం సాధారణంగా టవరు రేడియో భాగానిదే గాని ఫైబరుది కాదు. సముద్రగర్భ కేబుళ్ళకు, పెద్ద డేటా కేంద్రాల మధ్య మార్గాలకు మాత్రం ఒక్కొక్క పోగు సామర్థ్యం కీలకమైనది.