ఖాతాలో సొమ్మున్నా తప్పని తిప్పలు
మన పల్లెల నుంచి జర్మనీకి చదువు కోసం వెళ్లే పిల్లలకు తొలి వారాల్లో పాఠాలకన్నా అద్దె గదే పెద్ద పరీక్ష అవుతోంది.

తమ ఖర్చు తామే భరించుకునేవారు వీసాకు ముందే ఏడాదికి 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో జమ చేయాలని 2024 సెప్టెంబరులో లెక్క కట్టారు. ఆ సొమ్ము ఒక్కసారిగా చేతికి రాదు. నెలకు 992 యూరోల చొప్పున, అదీ అక్కడ తెరిచిన మామూలు బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. ఖాతా తెరవడానికి చాలా బ్యాంకులు చిరునామా నమోదు పత్రం అడుగుతాయి. గదిలో దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవాలన్నది చట్టం. ఒక్క సెమిస్టరు మార్పిడి చదువుకు వెళ్లినా ఇది తప్పదు. దీనికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. స్నేహితుల గదిలో తలదాచుకున్నవారికి అది దొరకడం కష్టమే.

పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రి డబ్బు కట్టేశాం కదా అని ఇక్కడ నిశ్చింతగా వుంటాడు. అక్కడ పిల్లవాడు జేబు తడుముకుంటూ వుంటాడు.

ఆదివారం దుకాణాలకు సెలవు. శనివారం రాత్రి దిగినవారికి బియ్యం, పాలకు పెద్ద రైల్వే స్టేషన్లలోని కొట్లే దిక్కు.

కనుక ప్రవేశం ఖాయం కాగానే స్టూడీరెండెన్‌వెర్క్ సంస్థల వసతి గృహాలకు దరఖాస్తు పెట్టుకోవాలి. నమోదుకు పత్రం ఇస్తారో లేదో ఇంటివారిని ముందే అడగాలి. గది చూడకుండా అడ్వాన్సు పంపరాదు. రెండు నెలల ఖర్చు విడిగా వెంట వుంచుకుంటే మేలు.